బ్రాంచిలో కొత్తగా చేరిన ఆఫీసర్లను అర్థం చేసుకోవడం, నడిపించడం ఎలా?

ప్రశ్న: కృష్ణాతీరం మేనేజరు

అందరికీ నమస్కారం. గుంటూరు ప్రాంతంలోని ఒక మండల కేంద్రంలో ఉన్న ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖకు నేను మేనేజరును. బి.ఎస్.ఆర్.బి. (అప్పట్లో బ్యాంకు ఉద్యోగులను ఎంపిక చేసిన నియామక మండలి) పరీక్ష రాసి క్లర్కుగా చేరి, లెడ్జర్ల కాలం నుంచి కోర్ బ్యాంకింగ్ దాకా అన్నీ చూసి ఈ కుర్చీలోకి వచ్చినవాడిని. మా శాఖలో పంట రుణాలు, బంగారం మీద రుణాలు, డ్వాక్రా సంఘాల ఖాతాలు ఎక్కువ. నెల మొదటి వారంలో పింఛనుదారుల రద్దీ సరేసరి. సిబ్బందిలో సగం మంది నా ఈడువారు, మిగిలిన సగం మంది ఇంకా ముప్ఫై నిండనివారు. నడివయసువారు ఒక్కరూ లేరు. నా సందేహం ఆ చిన్నవారి గురించే.

ఒక ఉదంతం చెబితే మీకు విషయం అర్థమవుతుంది. మాకు చిరకాలంగా ఖాతా ఉన్న ఒక రైసు మిల్లు యజమాని ఒకరోజు ఫోను చేసి, తన ఖాతాలోంచి మరొకరి ఖాతాకు సొమ్ము బదిలీ చేయమనీ, చెక్కు సాయంత్రం గుమాస్తాతో పంపిస్తాననీ చెప్పారు. మా హెడ్ క్యాషియరు గారు ఎంట్రీ వేసి, పాస్ చేయమని (ఆమోదించమని) ఆఫీసరు అమ్మాయికి చెప్పారు. నంద్యాలలో కోచింగ్ తీసుకుని, మంచి ర్యాంకుతో పి.ఓ.గా (ప్రొబేషనరీ ఆఫీసరుగా) వచ్చిన అమ్మాయి. పనిలో వంక పెట్టడానికి లేదు. అయితే చెక్కు చేతికి వచ్చాకనే పాస్ చేస్తానని ఆమె కచ్చితంగా చెప్పింది. నేను కల్పించుకుని పరవాలేదు పాస్ చేయమంటే, "ఆ మాట మెయిల్‌లో పెట్టండి సార్, చేస్తాను" అంది. కౌంటరు ముందు జనం ఉన్నారు. మా రోజుల్లో మేనేజరుతో అలా అనడం ఊహకు కూడా అందేది కాదు.

మిగిలినవి చిన్న విషయాలే గానీ, అన్నీ కలిసి మనసుకు ఇబ్బందిగా ఉంటున్నాయి. సాయంత్రం ఏడు దాటితే శాఖ వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశానికి జవాబు ఉండదు. సెలవు కావాలన్నప్పుడు కారణం చెప్పరు, అప్లికేషను మాత్రం సిస్టంలో పెట్టేస్తారు. మధ్యాహ్నం భోజనం దగ్గర కరెంట్ అఫైర్స్ చదువుకుంటూ వేరే పరీక్షలకు సిద్ధమవుతుంటారు. కిందటేడు ఒక క్లర్కు కుర్రాడు ఏమీ చెప్పకుండా ఉండి, చివరకు వేరే ఉద్యోగం వచ్చిందని రాజీనామా పత్రం తెచ్చి ఇచ్చాడు. సమావేశంలో అభిప్రాయం అడిగితే మౌనంగా కూర్చుంటారు. బీహారు నుంచి వచ్చిన మరో ఆఫీసరు ఉన్నాడు, అతడికి తెలుగు రాక, మాకు హిందీ అంతంత మాత్రంగా రాక, అదొక అవస్థ.

పెద్దంతరం చిన్నంతరం లేకుండా పోయిందని వాపోవడానికి నేను ఇక్కడికి రాలేదు. వీరితో రోజూ పని చేయించుకోవలసినవాడిని, ఒకవేళ వీరి చూపులో ఏదైనా న్యాయం ఉంటే తెలుసుకోవాలని ఉంది. ఇలాంటి శాఖలు నడిపినవారు, అలాగే ఆ వయసులో ఉన్నవారు దాపరికం లేకుండా చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత చీఫ్ మేనేజరు

మీరు రాసినదంతటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన వాక్యం, నడివయసువారు ఒక్కరూ లేరన్నది. మీరు దాన్ని దారిలో చెప్పి వదిలేశారు గానీ, నా దృష్టిలో మీ ఇబ్బందిలో ముప్పాతిక వంతు అక్కడే ఉంది.

ఈమధ్య ఎక్కడ చూసినా "జెన్ జీ" అన్న మాట వినిపిస్తోంది. అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 1997 నుంచి పుట్టినవారిని ఆ తరంగా లెక్కవేసింది; అక్కడి సమాజానికి, అక్కడి సంఘటనలకు ఆ గీత సరిపోతుందేమో. మన ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో తరాలను విడదీసిన గీత పుట్టిన తేదీ వల్ల పడలేదు, ఉద్యోగ నియామకాల వల్ల పడింది. 1969లో 14 బ్యాంకులను, 1980లో మరో 6 బ్యాంకులను జాతీయం చేశాక, ఊరూరా శాఖలు తెరిచి, డెబ్బైలలో, ఎనభైలలో వేలకు వేల మందిని తీసుకున్నారు. ఆ తర్వాత కంప్యూటర్లు రావడం, ఖర్చులు తగ్గించమనడం, ఇవన్నీ కలిసి తొంభైలలో నియామకాలు బాగా తగ్గిపోయాయి. 2000–01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెడితే దేశం మొత్తం మీద సుమారు లక్ష మంది బయటికి వెళ్లారు. మీరు పరీక్ష రాసిన బి.ఎస్.ఆర్.బి.లను 2001లోనే ఎత్తివేశారు. మళ్లీ నియామకాలు ఊపందుకోవడానికి కొన్నేళ్లు పట్టింది, బ్యాంకు ఉద్యోగాలకు ఐ.బి.పి.ఎస్. అనే సంస్థ పెట్టే ఉమ్మడి పరీక్ష 2011లో గానీ మొదలు కాలేదు. ఈ ఖాళీ ఫలితమే మీ శాఖలో ఒకవైపు యాభై దాటినవారు, మరోవైపు ఇరవైలలో ఉన్నవారు, నడుమ ఎవరూ లేకపోవడం.

దీనివల్ల ఏం జరిగిందో ఆలోచించండి. మీరు చేరిన కొత్తలో మీకు పని నేర్పింది మేనేజరు కాదు. మీకంటే ఎనిమిదీ పదేళ్లు ముందు చేరిన స్పెషల్ అసిస్టెంటు ఒకాయన పక్క కుర్చీలో ఉండేవారు. సాయంత్రం క్యాషు కలవకపోతే ఏ వోచరు దగ్గర తప్పు దొర్లి ఉంటుందో ఆయనే చూపించేవారు. మేనేజరు గారి కోపం ఎప్పుడు నిజమైనదో, ఎప్పుడు పైపైదో కూడా ఆయనే చెప్పేవారు. ఏ ఖాతాదారు మాట మీద నిలబడతాడు, ఎవరి దగ్గర జాగ్రత్తగా ఉండాలి అన్నది మనకు ఏ సర్క్యులరూ చెప్పలేదు, ఆ నడిమివారే చెప్పారు. పైవారికి కింది మాట, కిందివారికి పై మాట చేరవేసే తలలో నాలుకలాంటి మనుషులు వారు. ఇప్పుడు ఆ మెట్టు లేదు. ఇరవై ఆరేళ్ల అమ్మాయికీ యాభై ఆరేళ్ల మేనేజరుకూ మధ్య నేరుగా మాట నడవాలి. అది నడవనప్పుడు ఆమె ఆధారపడగలిగేది రూల్సు పుస్తకం ఒక్కదాని మీదే. మీకు అది మొండితనంగా తోస్తోంది. ఆమెకు వేరే ఆధారం ఎవరూ ఇవ్వలేదు.

మిల్లు యజమాని సంగతిలో మీకు ఆయన ఎవరో పాతికేళ్లుగా తెలుసు. ఆయన తండ్రి కూడా మీకు తెలిసే ఉండవచ్చు. ఆమెకు తెలిసింది ఒక ఖాతా నంబరు, ఫోనులో ఒక గొంతు. అదే గొంతుతో ఎవరో మోసగాడు మాట్లాడితే మీరు కూడా పట్టుకోగలరని కచ్చితంగా చెప్పలేరు. ఫోను మీద, మెయిల్ మీద వచ్చిన ఆదేశంతో సొమ్ము బదిలీ చేసి మోసపోయిన శాఖల కథలు మన రీజినల్ ఆఫీసు సమావేశాల్లో ఎన్నిసార్లు వినలేదు? ఒకరు ఎంట్రీ వేయడం, మరొకరు చూసి పాస్ చేయడం అన్న ఏర్పాటు ఉన్నదే ఇందుకు. పాస్ చేయవలసిన మనిషి చూడకుండా పాస్ చేస్తే ఇక ఆ రెండో మనిషి ఎందుకు?

మీ హోదాకు దెబ్బ తగిలింది జనం ముందు కావడం వల్ల అని నా ఊహ. ఆ భాగం గురించి మాత్రం ఆమెతో మాట్లాడవచ్చు, మాట్లాడాలి కూడా. అభ్యంతరం ఉంటే క్యాబిన్‌లోకి వచ్చి చెప్పమనండి. అయితే అభ్యంతరం చెప్పడమే తప్పన్న భావం ఆమెకు కలగనివ్వకండి, ఎందుకంటే అది ఒక్కసారి కలిగితే, రేపు నిజంగా తప్పు జరుగుతున్నప్పుడు కూడా ఆమె నోరు మెదపదు, ఆ రోజు సంజాయిషీ రాసుకోవలసింది మీరే.

జవాబు 2: కౌంటరు నంబరు మూడు

నమస్కారమండీ. నేను స్కేల్-1 ఆఫీసరుగా తూర్పు గోదావరి వైపు ఒక శాఖలో పనిచేస్తున్నాను. మీ శాఖలో ఆఫీసరు అమ్మాయి నేను కాదు గానీ, ఆ స్థానంలో నేను ఉన్నా అదే మాట అని ఉండేదాన్ని. దాపరికం లేకుండా చెప్పమన్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను, చిన్నదాన్నని అన్యథా భావించకండి.

మెయిల్ అడగడం మేనేజరు గారి మీద అనుమానంతో కాదు. నా ఐడీతో పాస్ అయిన ప్రతి ఎంట్రీకీ నేనే జవాబుదారిని. మీరు బదిలీ మీద వెళ్లిపోయాక, నేను కూడా వేరే రాష్ట్రంలో ఉండగా, ఏ ఆడిటులోనో అది బయటపడితే సిస్టంలో కనిపించేది నా ఐడీ ఒక్కటే. "ఆ రోజు సార్ చెప్పారు" అన్న మాటకు అక్కడ విలువ ఉండదు. ప్రొబేషనులో ఉండగానే ఛార్జిషీటు అందుకున్న బ్యాచ్‌మేట్లు మాకు ఉన్నారు. వారి కథలు మా బ్యాచి గ్రూపులో తిరుగుతూనే ఉంటాయి. శిక్షణలో మాకు మొట్టమొదట చెప్పేది కూడా ఇదే: కాగితం లేకుండా పాస్ చేయవద్దు, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వవద్దు. శిక్షణ నుంచి శాఖకు వచ్చిన వారంలోనే "అమ్మాయ్, నీ పాస్‌వర్డ్ ఆ కాగితం మీద రాసి ఇచ్చి భోజనానికి వెళ్లు" అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. ఆయన చెడ్డవారు కారు, పని ఆగకూడదన్న తాపత్రయంతోనే అడిగారు. నేను ఇవ్వలేదు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

వాట్సాప్ గురించి. సాయంత్రం ఏడు తర్వాత గ్రూపులో వచ్చే సందేశాల్లో నిజంగా అత్యవసరమైనది ఏదో మీరే ఒకసారి పైకి జరిపి చూడండి. మా గ్రూపులో అయితే ఎక్కువ భాగం రేపటి లాగిన్ డేకి (టార్గెట్ల కోసం పెట్టే ప్రత్యేక దినానికి) ఎన్ని ఖాతాలు, ఎన్ని బీమా పాలసీలు, ఫలానా శాఖ ఇన్ని చేసింది మీరు ఎందుకు చేయలేదు అన్న పోలికలే. వాటికి జవాబు ఇచ్చినా ఇవ్వకపోయినా రాత్రి పూట జరిగేది ఏమీ లేదు, నిద్ర చెడటం తప్ప. ఏ.టి.ఎం. దగ్గర అలారం మోగిందనో, తాళంచెవి విషయమనో మా మేనేజరు గారు ఫోను చేస్తే రాత్రి పదింటికైనా ఎత్తుతాం. ఫోను వస్తే అత్యవసరమనీ, గ్రూపులో వస్తే రేపు ఉదయం చూడవచ్చనీ ఆయనే ఒకరోజు చెప్పారు. అప్పటి నుంచి ఆ విషయంలో మా మధ్య ఒక్క మాట కూడా రాలేదు.

వేరే పరీక్షలు రాయడాన్ని బ్యాంకు మీద విశ్వాసం లేకపోవడంగా చూస్తారు. ఒక్క సంగతి గమనించండి. 2010 ఏప్రిల్ 1 నుంచి చేరినవారికి పాత పింఛను లేదు. నా జీతంలోంచి 10 శాతం, బ్యాంకు తరఫున 14 శాతం ఎన్.పి.ఎస్. (జాతీయ పింఛను వ్యవస్థ)లో జమ అవుతుంది, చివరకు ఎంత వస్తుందన్నది మార్కెట్టు మీద ఆధారపడి ఉంటుంది. నా పక్కన కూర్చుని ఇంచుమించు అదే పని చేసే హెడ్ క్యాషియరు గారికి ఖాయమైన పింఛను ఉంది. "ఈ బ్యాంకు మనకు అన్నం పెట్టింది, ఇల్లు కట్టించింది, పిల్లలను చదివించింది" అని ఆయన అంటే అది అక్షరాలా నిజం, ఆయన జీవితంలో. మాకు అది ఇంకా జరగలేదు, జరుగుతుందన్న హామీ కూడా ఆయనకు ఉన్నంత లేదు. పైగా రాష్ట్రాలు దాటి బదిలీలు. ఆర్.బి.ఐ. గ్రేడ్-బి (రిజర్వు బ్యాంకు ఆఫీసరు పరీక్ష), గ్రూప్స్ లాంటివి రాసేవారు ఆ లెక్కలు వేసుకునే రాస్తారు. ఆ క్లర్కు కుర్రాడు ముందుగా ఎందుకు చెప్పలేదో కూడా ఊహించగలను: చెప్పిన మర్నాటి నుంచి సెలవు దొరకదనీ, "ఎలాగూ పోయేవాడు" అన్న ముద్ర పడుతుందనీ భయం. "పరీక్ష ఉంటే ముందే చెప్పు, సెలవు నేను చూసుకుంటాను" అని మీరు ఒక్కసారి అని చూడండి, ఎవరు ఎప్పుడు వెళ్లబోతున్నారో మీకు ముందే తెలుస్తుంది, కనీసం బదులు మనిషిని అడగడానికి వ్యవధి దొరుకుతుంది.

సమావేశంలో మౌనానికి కారణం మీ శాఖలో ఏమిటో నాకు తెలియదు. మా దగ్గర, రివ్యూ మీటింగు అంటే టార్గెట్లు రానివారిని వరసగా నిలబెట్టి అడగడం. అక్కడ అభిప్రాయం చెప్పినవారికి అదనపు పని పడుతుందని అందరికీ అనుభవమే.

చివరగా, మీరు ఆమెను "ఆఫీసరు అమ్మాయి" అని రాశారు. ఆప్యాయతతో రాశారని తెలుస్తూనే ఉంది. క్యాబిన్‌లో "ఏమ్మా" అని పిలిస్తే మాకు సంతోషమే, ఇంట్లో పెద్దవారు పిలిచినట్టే ఉంటుంది. కానీ కౌంటరు దగ్గర మీరు అలా పిలిస్తే ఖాతాదారులు కూడా అలాగే పిలుస్తారు. రుణం ఎందుకు ఇవ్వడం కుదరదో నేను వివరిస్తుంటే, "నీతో ఏంటమ్మా, పెద్దాయన్ను పిలు" అంటారు. జనం ముందు "మేడం గారు చూస్తారు, ఆమెతో మాట్లాడండి" అని మా మేనేజరు గారు అన్న రోజు నుంచి నా పని సగం తేలికైంది.

జవాబు 3: ఓరుగల్లు వాసి

పై రెండు జవాబులూ చదివాను. చాలా వరకు ఒప్పుకుంటాను గానీ, తప్పంతా వ్యవస్థది, పిల్లలది ఏమీ లేదన్నట్టుగా చర్చ నడవడం నాకు అంతగా రుచించలేదు. నేనూ వరంగల్ వైపు శాఖ నడుపుతున్నవాడినే.

నవంబరు వచ్చిందంటే పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్ కోసం వస్తారు. కిందటేడు మా శాఖకు ఒక ముసలాయన వచ్చారు. పొలం పనులు చేసి చేసి వేళ్ల గీతలు అరిగిపోయి, యంత్రం మీద వేలిముద్ర పడటం లేదు. మా యువ ఆఫీసరు తల ఎత్తకుండానే, యాప్‌లో ముఖం చూపించి చేసుకోవచ్చు, ఇంట్లో పిల్లలను అడగండి అని పంపించేశాడు. అతడు చెప్పిన పద్ధతి ఉన్న మాట నిజమే, రూలు ప్రకారం కూడా తప్పు లేదు. ఆ ముసలాయన పిల్లలు ఎక్కడో దూరాన ఉన్నారు, ఆయన దగ్గర ఉన్నది మామూలు ఫోను. మా దఫ్తరీ (అటెండరు) చూసి గేటు దగ్గర ఆపి వెనక్కి తీసుకొచ్చాడు, మేము మా ఫోనులో చేసి పంపాం, రెండు నిమిషాల పని. ఇలాంటి చోట తరం పేరు చెప్పి సర్దుకోవడం నాకు చేతకాదు. ఆ రోజు సాయంత్రమే ఆ కుర్రాడిని కూర్చోబెట్టి, ఈ కౌంటరు ఎవరి కోసం ఉన్నదో గట్టిగానే చెప్పాను. కోపగించుకున్నాడనుకున్నాను గానీ, తర్వాతి వారం పింఛనుదారులకు విడిగా ఒక కుర్చీ వేయించింది అతడే.

కనుక మేనేజరు గారూ, మెత్తబడవలసిన చోట మెత్తబడండి. కానీ ఖాతాదారు దగ్గర అమర్యాద, కౌంటరులో ఫోను చూడటం, వీటి మీద మాట దాచుకోవద్దు. వెంటనే చెప్పండి, అదే రోజు చెప్పండి. ఏడాది చివర అప్రైజల్‌లో రాస్తే అది పగగానే కనిపిస్తుంది.

జవాబు 4: శిక్షణాలయంలో పనిచేసినవాడు

ఓరుగల్లు వాసి గారు చెప్పిన ఆఖరి మాటను నేను అందుకుంటాను. మా సిబ్బంది శిక్షణాలయానికి ప్రొబేషనరీ ఆఫీసర్లు వచ్చినప్పుడు వారి నోట తరచుగా విన్న ఫిర్యాదు, తిట్టారన్నది కాదు. బాగా చేస్తున్నామో లేదో ఎవరూ చెప్పలేదన్నది. ఆరు నెలలు ఏ మాటా లేకుండా గడిచి, ఒకనాడు రీజినల్ ఆఫీసు నుంచి వివరణ కోరుతూ కాగితం వస్తుంది. పరీక్ష రాసిన ప్రతిసారీ మార్కులు చూసుకుంటూ పెరిగినవారు ఆ నిశ్శబ్దాన్ని భరించలేరు. మన తరానికి "ఏమీ అనలేదంటే బాగానే చేస్తున్నట్టు" అన్నది అలవాటు. వారికి ఆ అలవాటు లేదు, అలవాటు చేయవలసిన అవసరమూ నాకు కనిపించదు.

ఆచరణలో నాకు ఫలించినట్టు కనిపించినది, ఉదయం షట్టరు ఎత్తడానికి ముందు పది నిమిషాలు నిలబడి మాట్లాడుకోవడం. అందులో టార్గెట్ల మాట ఎత్తకూడదు. నిన్న ఏ ఎంట్రీ ఎందుకు వెనక్కి తిప్పవలసి వచ్చింది, ఈ రోజు ఎవరు సెలవు, ఏ గ్రామం నుంచి డ్వాక్రా సంఘాలు రెన్యువల్‌కు వస్తున్నాయి, అంతవరకే. అలాగే రుణం ఇచ్చేటప్పుడు "ఈయనకు ఇవ్వవచ్చు" అని మీరు నిర్ణయించి కాగితాలు మాత్రం వారికి ఇవ్వకండి. మీరు ఏం చూసి ఆ నిర్ణయానికి వచ్చారో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. ఖాతాలో ఏ నెలలో సొమ్ము పడుతుంది, పొలం కౌలుదా సొంతమా, గోదాములో సరుకు నిజంగా ఉందా, యజమాని మాట్లాడేటప్పుడు ఏ ప్రశ్న దగ్గర తడబడ్డాడు, ఇవి మీకు పాతికేళ్లలో వచ్చిన విద్య, ఏ పోర్టల్‌లోనూ దొరకదు. విశ్రాంత చీఫ్ మేనేజరు గారు చెప్పిన ఆ మాయమైన నడిమి మెట్టు పని ఇప్పుడు మీరే చేయాలి, తప్పదు. అది అదనపు భారమే. మేనేజరు మీద ఇప్పటికే ఉన్న భారాన్ని చూస్తే ఈ మాట చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది.

సెలవుల గురించి ఒక మాట. బ్యాంకులు సున్నితమైనవిగా గుర్తించిన స్థానాల్లో ఉన్నవారు ఏటా ఒకే విడతలో కనీసం 10 పనిదినాలు, తమకు ముందుగా తెలియజేయకుండానే బ్యాంకు పంపగా, తప్పనిసరిగా సెలవు మీద ఉండాలని రిజర్వు బ్యాంకే నిర్దేశించింది. ఆ రోజుల్లో వారికి కార్యాలయ మెయిల్ తప్ప పనికి సంబంధించిన మరే సిస్టమూ అందుబాటులో ఉండకూడదు. మోసాలు బయటపడేది మనిషి సీటులో లేనప్పుడే అన్నది దాని వెనుక ఆలోచన. అంటే ఏడాదంతా సెలవు పెట్టని ఉద్యోగిని ఆదర్శంగా చూసే మన పాత పద్ధతిని నియంత్రణ సంస్థే పక్కన పెట్టింది. కారణం చెప్పకుండా క్యాజువల్ లీవు అడిగే ఆఫీసరు విషయంలో మీకు కావలసింది కారణం కాదు, ఆ రోజు కౌంటరు ఎవరు చూస్తారన్నది. అది మాత్రం తప్పకుండా అడగండి. తన బదులు ఎవరో మాట్లాడుకుని వచ్చి అడిగే బాధ్యత వారిది.

టార్గెట్ల ఒత్తిడి మీ చేతిలో లేదు, పైనుంచి వస్తుంది. కానీ జోనల్ ఆఫీసు వీడియో కాన్ఫరెన్సులో మీరు పడిన మాటలను యథాతథంగా తెచ్చి కిందివారి మీద కుమ్మరించడం, లేదా అక్కడే ఆపి, రేపు చేయగలిగిందేమిటో మాత్రం వారికి చెప్పడం, ఈ రెంటిలో ఏది చేయాలన్నది పూర్తిగా మీ చేతిలోనే ఉంది. ఏ మేనేజరు దగ్గర పనిచేయాలని ఉందని యువ ఆఫీసర్లను అడిగితే వారు చెప్పే పేర్లన్నీ రెండో రకం వారివే. అలాగని వారు టార్గెట్లు వద్దనరు. ఖాతాదారుకు అవసరం లేని బీమా పాలసీని రుణానికి ముడిపెట్టి అంటగట్టమన్నప్పుడే వారి ముఖం మారుతుంది, అక్కడ వారి వైపే న్యాయం ఉంది.

కృష్ణాతీరం మేనేజరు

అందరికీ కృతజ్ఞతలు. చెక్కు గానీ, సంతకం చేసిన పత్రం గానీ లేకుండా ఎవరికీ బదిలీ చేయబోమని మిల్లు యజమాని గారికి నేనే ఫోను చేసి చెప్పాను. ఆయన ఏమీ అనుకోలేదు, ఆన్‌లైన్‌లో తానే చేసుకునే ఏర్పాటు గురించి అడిగారు. ఆ దరఖాస్తు నింపించే పని మా ఆఫీసరు మేడం గారికి అప్పగించాను. హెడ్ క్యాషియరు గారు మాత్రం ఇంకా ముభావంగానే ఉన్నారు, ఆయనకు నచ్చజెప్పడానికి కొంత సమయం పడుతుంది. వాట్సాప్ విషయంలో ఫోనుకూ గ్రూపుకూ తేడా పెట్టే పద్ధతి నాకు బాగా నచ్చింది, అమలు చేస్తాను. వేరే పరీక్షల సంగతి మాత్రం బుద్ధి ఒప్పుకున్నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. నేర్పిన పని నేర్చుకుని వెళ్లిపోతారన్న బాధ అంత తొందరగా పోయేది కాదు.

ఒక ప్రశ్న మిగిలింది. బీహారు నుంచి వచ్చిన ఆఫీసరుకు వ్యవసాయ, డ్వాక్రా రుణాల విభాగం ఇవ్వాలా, లేక భాష అవసరం తక్కువగా ఉండే పని ఇచ్చి ఊరుకోవాలా?

కౌంటరు నంబరు మూడు

డ్వాక్రా విభాగమే ఇవ్వండి సార్. క్లర్కు పోస్టులకు స్థానిక భాష తప్పనిసరి గానీ, ఆఫీసర్లను దేశం మొత్తం మీద ఎక్కడికైనా వేస్తారు కనుక, ఈ పరిస్థితి అతడు కోరుకున్నది కాదు. లోపలి పని ఇచ్చి కూర్చోబెడితే బదిలీ అయ్యేదాకా అతడికి తెలుగు రాదు, ఖాతాదారులకు అతడు ఎవరో తెలియదు. మా శాఖలో ఒడిశా నుంచి వచ్చిన ఆఫీసరును మేనేజరు గారు మొదట సంఘాల సమావేశాలకు వి.ఓ.ఏ.ను (గ్రామ సంఘం సహాయకురాలిని) వెంట ఇచ్చి పంపారు. సంఘం పేరు, సభ్యుల సంఖ్య, ఎంత కట్టారు, ఎంత బాకీ, ఈ నాలుగు మాటలూ అక్కడి ఆడవాళ్లే పట్టుబట్టి నేర్పించారు, తప్పు పలికితే నవ్వి మళ్లీ చెప్పించారు. ఇప్పుడు ఆయన వాయిదాల గురించి మాకంటే గట్టిగా తెలుగులోనే అడుగుతారు. ఒక్కటే జాగ్రత్త: తీర్మానం పుస్తకాలు తెలుగులో ఉంటాయి కాబట్టి, అతడు సొంతంగా చదవగలిగేదాకా ఆ కాగితాలను తెలుగు వచ్చిన మరొకరు చదివి సంతకం పెట్టాకే అతడి ఐడీతో పాస్ చేయించండి.